సెప్టిక్ ట్యాంకు దాటిన నీరు

ఇల్లు కట్టేటప్పుడు సెప్టిక్ ట్యాంకు గురించి ఇంటివాళ్లు అడిగేవి సాధారణంగా రెండే ప్రశ్నలు: ఎంత లోతు తవ్వాలి, ఎంత ఖర్చవుతుంది. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీరు ఎక్కడికి పోతుందన్న మాట ఎవరూ ఎత్తరు. మేస్త్రీ ఒక పైపు బిగిస్తాడు, దాని రెండో కొస వీధి కాలువలోకి దిగుతుంది, పని పూర్తయిందనుకుంటారు. విశాఖపట్నంలో ఆ కాలువ గెడ్డలో, అంటే కొండవాగులో, కలుస్తుంది. గెడ్డ హార్బరుకో సముద్రానికో చేరుతుంది. అసలు మురుగును శుభ్రం చేయడంలో ట్యాంకు వాటా సగం కంటే తక్కువ. మిగిలిన పనంతా నేలది. ఆ నేలను మనం లెక్కలోంచి తీసేశాం. విశాఖ లాంటి నగరంలో ఆ రెండో సగాన్ని మళ్లీ కట్టుకోవాలనీ, అది ఎలా ఉండాలో ఇంటి ప్లాను కాదు ఇంటి కింది నేల నిర్ణయించాలనీ, చాలా చోట్ల ఆ పని ఒక్కో ఇంటికి విడిగా సాధ్యం కాదు కాబట్టి వీధిని ఒక యూనిట్‌గా తీసుకోవాలనీ ఈ వ్యాసం వాదన.

ముందు ట్యాంకు ఏం చేస్తుందో చూద్దాం. లోపలికొచ్చిన మురుగు ఒకటి రెండు రోజులు కదలకుండా నిలుస్తుంది. బరువైనది అడుగుకు దిగి బురదవుతుంది, నూనె, కొవ్వు పైకి తేలి తెట్టు కడతాయి. ఆక్సిజన్ అవసరం లేని సూక్ష్మజీవులు ఆ బురదను మెల్లగా తింటూ మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులుగా మారుస్తాయి. మధ్యలో ఉన్న నీరు అవతలి పైపులోంచి బయటపడుతుంది. చక్కగా కట్టి, వేళకు శుభ్రం చేయించిన ట్యాంకు కూడా సేంద్రియ మలినంలో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే తగ్గిస్తుంది. నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియా రూపంలో అలాగే వెళ్లిపోతుంది. ఇక రోగకారక జీవుల సంగతి. ట్యాంకు దాటిన నీటిలో 100 మిల్లీలీటర్లకు పది లక్షల పైచిలుకు మలకోలిఫారం బ్యాక్టీరియా ఉండటం మామూలే. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్‌లో, ఆ గుర్తింపు నిలవాలంటే అదే 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి 250 మించకూడదు. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని వేల రెట్ల తేడా ఉందో, ట్యాంకు తరవాత జరగాల్సిన పని అంత ఉంది.

ఆ పని నేల చేస్తుంది, అయితే నేలలో గాలి ఉన్నప్పుడే. నీటితో పూర్తిగా నిండని మట్టిలో మురుగు రేణువుల చుట్టూ పలచటి పొరలా పాకుతూ దిగుతుంది. రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్‌తో బతికే బ్యాక్టీరియా అక్కడ స్థిరపడి, మిగిలిన మలినాన్ని తినేస్తుంది, అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. రోగకారక బ్యాక్టీరియా రేణువులకు అంటుకుని అక్కడే ఆకలితో చస్తుంది. మురుగు మట్టిని తాకే చోట కొద్ది నెలల్లో నల్లటి జిగురు పొర ఏర్పడుతుంది. వడపోతలో ఎక్కువ భాగం చేసేది ఆ పొరే, మందం పెరిగితే నీటిని అడ్డుకునేదీ అదే. అందుకే చాలా దేశాల నిబంధనలు ఇంకుడు కందకం అడుగుకూ భూగర్భజల మట్టానికీ మధ్య 60 నుంచి 120 సెంటీమీటర్ల పొడి మట్టి ఉండాలంటాయి. ఆ మందం లేకపోతే మురుగు శుద్ధి కాదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందంతే.

ఇదేమీ విదేశీ పరిజ్ఞానం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 2470 ప్రమాణం రెండు భాగాలుగా ఉంది, ఇప్పుడున్న రూపంలో 1985 నుంచి అమల్లో ఉంది. మొదటి భాగం ట్యాంకు గురించి: ఐదుగురికి ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీరు పట్టే గది చాలునంటుంది. రెండో భాగం మొత్తం ట్యాంకు నుంచి వచ్చే నీటి గురించే. అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. భూగర్భజలం 180 సెంటీమీటర్ల లోపు ఉందా, కిందికి ఉందా? తడిపి ఉంచిన గుంతలో నీటి మట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? 30 నిమిషాల లోపైతే సోక్ పిట్ (మురుగును ఇంకించే గొయ్యి), ఇంకుడు కందకం పనికొస్తాయి. 30 నుంచి 60 నిమిషాల మధ్య అయితే కందకం మాత్రమే. భూగర్భజలం 180 సెంటీమీటర్ల లోపే ఉంటే, ఈ రెండు సందర్భాల్లోనూ కందకాన్ని నేల మీదికి ఎత్తి కట్టమంటుంది. అరవై దాటితే ఆ మట్టిని నమ్ముకోవద్దని, వడపోత గదులు కట్టుకోమని చెబుతుంది. తాగే నీటి బావికి 18 మీటర్ల దూరం పాటించమంటుంది. ఇప్పుడు ప్రత్యామ్నాయాలని చెప్పుకుంటున్న పద్ధతుల్లో చాలావరకు నాలుగు దశాబ్దాలుగా మన ప్రమాణాల్లోనే ఉన్నాయి. మనం మొదటి భాగాన్ని, అది కూడా అవసరానికి మించి పెద్దదిగా, కట్టుకుంటూ రెండో భాగాన్ని వదిలేశాం. పార్కింగు కింద విశాలమైన గది కట్టి, పదేళ్లదాకా తెరవక్కర్లేదని సంతోషపడటం దాని ఫలితం. పదేళ్లు తెరవని ట్యాంకు బురదతో నిండి, వచ్చిన మురుగును వచ్చినట్టే బయటికి పంపుతుంది.

ఒకే నమూనా ట్యాంకు నగరమంతా చెల్లకపోవడానికి కారణం విశాఖ నైసర్గిక స్వరూపంలోనే ఉంది. సముద్రానికీ తూర్పు కనుమల కొసలకూ మధ్య ఒదిగిన ఈ ఊరు కనీసం మూడు రకాల నేలల మీద నిలబడి ఉంది. రుషికొండ, సాగర్ నగర్ మీదుగా భీమిలి వెళ్లే తీరం పొడుగునా ఇసుక. అక్కడ నీరు ఇంకకపోవడం అన్న సమస్యే లేదు, అతి వేగంగా ఇంకిపోవడమే సమస్య. ముతక ఇసుకలో ఒకే చోట గుమ్మరించిన మురుగు శుద్ధయ్యే వ్యవధి లేకుండానే భూగర్భజలానికి చేరుతుంది. తీరంలో ఆ మంచినీరు కూడా ఉప్పునీటి మీద తేలే పలచటి పొర. బోర్లు తోడేది దాన్నే. అదే దారిలో, 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఎర్రమట్టి దిబ్బలు నీరు ఒకే చోట పారితే ఏమవుతుందో కళ్లకు కడతాయి. ఇనుప ఆక్సైడు, కాస్త బంకమట్టి పట్టి ఉంచిన ఆ ఇసుకను వాననీరు లోతైన గండ్లుగా కోసేసింది. అలాంటి నేల మీద కట్టే ఇళ్లు మురుగును చెదరగొట్టి, కొద్దికొద్దిగా వదలాలే తప్ప ఒక్క గొయ్యిలో పోయకూడదు.

రెండోది కొండవాలు. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండల్లో ప్రధాన శిల ఖోండలైట్. గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాల ఈ రాయి వేడికీ వానకీ శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ తెల్లటి బంకమట్టిగా మారుతుంది. వాలు మీద ఆ మట్టి పలచగా ఉంటుంది, కింద పగుళ్లు పడ్డ రాయి. సోక్ పిట్‌లో పోసిన మురుగుకు అక్కడ రెండే దారులు. మట్టికీ రాతికీ మధ్య సందులోంచి జారి కింది ఇంటి ప్రహరీ వెనక ఊటగా తేలడం ఒకటి, పగుళ్లలో పడి ఏ వడపోతా లేకుండా దూరాన ఎవరి బోరులోకో చేరడం రెండోది. మొదటిదాన్ని కనీసం కంటితో చూసి గుర్తుపట్టవచ్చు. రెండోది రోగం వచ్చేదాకా తెలియదు, వచ్చాక కూడా కారణం దొరకదు.

మూడోది పల్లం. 1933లో తెరిచిన లోపలి ఓడరేవును ఉప్పుటేరు చిత్తడిలో తవ్వి తీశారు. జ్ఞానాపురం లాంటి పల్లపు పేటల్లో వానాకాలం భూగర్భజలం నేల పైకి వచ్చినంత పని చేస్తుంది. అప్పుడు సోక్ పిట్ బయటి నీటితోనే నిండిపోతుంది. మురుగు దిగడానికి చోటుండదు, టాయిలెట్లలోకి ఎగదన్నుతుంది. కాలువలోకి పైపు వేసిన ఇంటికి మాత్రం ఇబ్బంది తెలియదు, ఎందుకంటే దాని బాధంతా కాలువ దిగువన ఉన్నవాళ్లు పడతారు. ఇంకో ముఖ్యమైన సంగతి: బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు నిలిచే కాలువల్లో పెరుగుతుంది. ఉత్తరాంధ్ర ఆ వ్యాధితో చాలాకాలం బాధపడిన ప్రాంతం. ట్యాంకు గాలి గొట్టానికి దోమల జాలీ కట్టడం, మురుగును ఎక్కడా బయట నిలవనీయకపోవడం ఇక్కడ అలంకారాలు కావు, ఆరోగ్య రక్షణలో భాగం.

ఇప్పుడు సోక్ పిట్ ఎంత పని చేయగలదో లెక్కగడదాం. మన నీటి సరఫరా ప్రణాళికలు వాడే ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురున్న ఇంట్లో స్నానం, వంటిల్లు, టాయిలెట్ అన్నీ కలిపి 540 లీటర్లు. నల్లటి జిగురు పొర కట్టాక మంచి ఇసుక నేల చదరపు మీటరుకు రోజుకు 30, 40 లీటర్లు తీసుకుంటుంది. బంకనేల పది లీటర్లు తీసుకోవడం కష్టం. అంటే ఇసుకలో 14 నుంచి 18 చదరపు మీటర్ల ఇంకుడు వైశాల్యం కావాలి, బంకనేలలో 54 పైచిలుకు, అంటే దాదాపు 65 గజాలు. మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతున సిమెంటు రింగులు దించిన గొయ్యికి పక్క గోడల వైశాల్యం ఆరు చదరపు మీటర్ల పైన కొంచెం. ఇసుకలోనే చాలని గొయ్యి కొండవాలు బంకమట్టిలో ఎలా చాలుతుంది? అది నిండిపోయినప్పుడు నేలను తిట్టుకుంటాం కానీ తప్పు లెక్క వేయనితనానిది.

ఈ చిక్కుకు పరిష్కారం మురుగు నేలను తాకకముందే దాన్ని మరికొంత శుభ్రం చేయడం. ట్యాంకును ఒకే గదిగా కాకుండా నాలుగైదు గదులుగా విడదీసి, ప్రతి గదిలో మురుగు కింద నుంచి ప్రవేశించి అడుగు బురద గుండా పైకి లేచేలా కడితే, బురదలోని సూక్ష్మజీవులకు మురుగు ఎదురుగా తగులుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పెర్రీ మెకార్టీ బృందం 1980ల తొలినాళ్లలో రూపొందించిన ఈ ఏర్పాటుకు కరెంటు అక్కర్లేదు, కదిలే భాగాలు లేవు. ఆఖరి గదుల్లో కంకర నింపితే ఆ రాళ్ల మీద పెరిగే సూక్ష్మజీవుల పొర ఇంకొంత మలినాన్ని పట్టేస్తుంది. మన ప్రమాణంలో ఉన్న కింది నుంచి పైకి పారే వడపోత గది ఇదే కుటుంబానికి చెందినది. దాని తరవాత మొక్కల మడి. ఇసుక, కంకర పొరలు పరిచి, పైన జమ్ము, మెట్టతామర లాంటివి నాటి, మురుగును రోజుకు మూడు నాలుగు విడతలుగా పై నుంచి వదులుతారు. రెండు విడతల మధ్య మడి ఆరుతుంది, గాలి లోపలికి పోతుంది. జర్మనీలో కేటె జైడెల్ 1950లలో మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి పెరిగిన పద్ధతి ఇది. మన లాంటి వెచ్చని వాతావరణంలో మనిషికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు మీటర్ల మడి సరిపోతుంది. నలుగురికి ఐదారు చదరపు మీటర్లు. నీరు ఎప్పుడూ కంకర కిందే ఉంటుంది కాబట్టి దోమకు చోటుండదు. ఈ రెండు మెట్లూ దాటిన నీటిని నేల ముందుకంటే రెండింతలు తీసుకోగలదు, ఎందుకంటే జిగురు పొర మందంగా పెరగడానికి తిండి మిగలదు.

ఏ నేలకు ఏది అన్నది ఇక్కడ తేలుతుంది. తీరపు ఇసుకలో గదుల ట్యాంకు, దాని వెనక లోతు తక్కువైన, పొడవాటి కందకాలు, విడతలుగా నీరు వదిలే ఏర్పాటు ఉండాలి. లోతుగా తవ్వడం అక్కడ తప్పు, ఎంత పైన వదిలితే అంత మంచిది. కొండవాలులో అడుగున నీరు దిగని మొక్కల మడి కట్టి, అందులోంచి వచ్చిన నీటిని సమోన్నత రేఖ వెంబడి చెట్ల వరసకు పారించాలి. పల్లంలో నేల మీద 60 సెంటీమీటర్ల ఇసుక దిమ్మ కట్టి దాని మీద మురుగు పరచాలి. 1940లలో అమెరికాలోని నార్త్ డకోటాలో పుట్టి, 1970లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం చేతిలో మెరుగుపడిన పద్ధతి ఇది. అయితే దిమ్మ మీదికి నీరు ఎక్కాలంటే చిన్న మోటారు తప్పదు. విశాఖ దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. గాలి ఊదే యంత్రాలతో నడిచే రెడీమేడ్ శుద్ధి ట్యాంకులు అలాంటప్పుడు మామూలు సెప్టిక్ ట్యాంకు స్థాయికి పడిపోతాయి. కాబట్టి వాలు దొరికిన ప్రతి చోటా వాలుతోనే నడిచేదాన్ని ఎంచుకోవాలి. మోటారు తప్పని పల్లంలో కనీసం రెండు రోజుల మురుగు పట్టే ఖాళీ గది కట్టాలి.

ఉక్కు నగరానికి ఈ విషయంలో ఇంకో అవకాశం ఉంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న విశాఖ ఉక్కు బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి ఇనుముతో పాటు స్లాగు కూడా వస్తుంది. దాన్ని నీటితో చల్లార్చి గుళికలుగా చేసి సిమెంటు తయారీకి వాడతారు. అందులోని కాల్షియం మురుగులోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచగలదని అనేక దేశాల ప్రయోగాల్లో రుజువైంది. గెడ్డలు, చెరువులు పచ్చగా నాచుపట్టడానికి ఫాస్ఫరస్ ఒక ముఖ్య కారణం. మొక్కల మడి చివర ఒక అడుగు మందం స్లాగు పొర వేస్తే ఎలా ఉంటుందో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగాలు, నగరపాలక సంస్థ కలిసి పరీక్షించదగ్గ విషయం. స్లాగు నీటి క్షారతను పెంచుతుంది, దాని పట్టు కొన్నేళ్లకు తీరిపోతుంది. కాబట్టి పరీక్షించకుండా ఇంటింటికీ సిఫారసు చేయకూడదు. కానీ ముడిసరుకు పక్కనే ఉన్న ఊరు ఈ ప్రయోగం చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

ఇంతవరకు చెప్పినదానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. ఎన్ని గదులు కట్టినా, ఎంత మడి పెంచినా, నత్రజని ఏమవుతుంది? భారతీయుల ఆహారాన్ని బట్టి వేసిన అంచనా ప్రకారం ఒక మనిషి ఏడాదికి సుమారు 2.7 కిలోల నత్రజని విసర్జిస్తాడు, అందులో అత్యధిక భాగం మూత్రంలోనే. నలుగురికి దాదాపు 11 కిలోలు. ట్యాంకులో, మట్టిలో సగం పోయిందనుకుందాం, ఐదున్నర కిలోలు మిగులుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. ఐదున్నర కిలోల నత్రజని ఆ హద్దులో ఉండాలంటే ఏడాదికి సుమారు 5 లక్షల 40 వేల లీటర్ల నీటిలో కలవాలి. ఇంటి వాడుక నీరంతా ఇంకిందనుకున్నా అది 2 లక్షల లీటర్లకు చేరదు. మిగిలిన 3 లక్షల 40 వేల లీటర్లు వాన ఇవ్వాలి. విశాఖలో ఏటా మీటరు పైచిలుకు వాన పడుతుంది. అందులో ఏడో వంతు భూగర్భానికి చేరిందనుకుంటే, ఒక్క ఇంటి నత్రజనిని పలచన చేయడానికి అర ఎకరం పైగా నేల కావాలి. మన ప్లాటు 150 గజాలు, 200 గజాలు. బావికి 18 మీటర్ల దూరం అన్న నియమాన్నే తీసుకున్నా, ఆ వలయం వైశాల్యం 1,200 గజాలు దాటుతుంది. పక్కింటి సోక్ పిట్ ఆ వలయంలో పడక తప్పదు. అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న సఫక్ కౌంటీ ఇదే లెక్కలో చిక్కుకుంది. ఇసుక ద్వీపం మీద సుమారు 3,60,000 ఇళ్లు గోతుల మీద, సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడి, భూగర్భజలంలోనూ సముద్రపు పాయల్లోనూ నత్రజని పేరుకుపోయాక, 2017 నుంచి ఇంటివాళ్లకు సొమ్ము సాయం చేసి మెరుగైన వ్యవస్థలకు మారుస్తున్నారు.

ఈ లెక్క నుంచి తేలేది సోక్ పిట్ చెడ్డదని కాదు. జనసాంద్రత పెరిగిన చోట ఇల్లు సరైన యూనిట్ కాదని. శివారు గ్రామంలో విశాలమైన దొడ్డి ఉన్న ఇల్లు తన నేల మీదే తన మురుగును సంపూర్ణంగా శుద్ధి చేసుకోగలదు. 150 గజాల ప్లాట్ల వీధి చేసుకోలేదు. ఆ వీధికి మధ్యే మార్గం ఉంది. ప్రతి ఇంటి ట్యాంకు అలాగే ఉంటుంది, బురద అందులోనే ఆగుతుంది. తేట నీరు మాత్రం సన్నటి పైపుల్లో వీధి చివరికో లేఅవుటు పార్కుకో చేరి అక్కడ ఉమ్మడి వడపోత గదుల్లో, మొక్కల మడిలో శుద్ధి అవుతుంది. ఘనపదార్థం లేని నీరు కాబట్టి పెద్ద గొట్టాలు, లోతైన తవ్వకం, అడుగడుగునా మ్యాన్‌హోళ్లు అవసరం లేదు. నేటి జాంబియాలో 1960 ప్రాంతంలోనే మొదలై, ఆ తరవాత ఆస్ట్రేలియా చిన్న పట్టణాల్లో విస్తరించిన పద్ధతి ఇది. యాభై ఇళ్లకు, అంటే రెండు వందల మందికి, మూడు వందల చదరపు మీటర్ల మడి సరిపోతుంది. ఖాళీగా పడి ఉన్న లేఅవుటు ఓపెన్ స్థలాల్లో అంత చోటు దొరుకుతుంది. శుద్ధయిన నీటిని అక్కడి చెట్లకే పారిస్తే నత్రజనిలో కొంత మొక్కలు తీసుకుంటాయి. ఉమ్మడి చోట నీటిని ఒకసారి గాలి తగిలే మడిలోనూ, తిరిగి గాలి లేని గదిలోనూ తిప్పితే నైట్రేటు నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ఇంటి స్థాయిలో ఈ తిప్పుడు కష్టం, వీధి స్థాయిలో సాధ్యం.

ఎలాగూ భూగర్భ డ్రైనేజీ వస్తుంది కదా, ఈలోగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. సాంద్రత ఎక్కువున్న చోట భూగర్భ డ్రైనేజీయే సరైనదని నేనూ అంటాను. కానీ పాత నగరానికి వచ్చినంత త్వరగా అది శివారుకు రాదు. 2005లో గాజువాక మున్సిపాలిటీ, 32 గ్రామాలు కలిసి మహా విశాఖ ఏర్పడింది, తరవాత భీమిలి, అనకాపల్లి చేరాయి. కొండలు, గెడ్డలు అడ్డుపడే ఇంత విస్తీర్ణంలో మురుగును గొట్టాల్లో తోడి తోడి దూరపు కేంద్రానికి పంపడం ఖరీదైన పని. ఇల్లు మాత్రం ఈ ఏడాదే కడుతున్నారు, మురుగు ఈ ఏడాదే పారుతుంది. వీధి స్థాయి పైపులు రేపు పెద్ద డ్రైనేజీ వచ్చినప్పుడు దానికి కలిపేసుకోవచ్చు, పెట్టిన ఖర్చు వృథా కాదు.

మురుగు ఇంకితే భూగర్భజలం పెరుగుతుంది కదా అన్న మాటలో కొంత నిజముంది. స్నానాల నీటిని విడిగా మడి గుండా పంపి ఇంకించడం మంచిదే. టాయిలెట్ నీటిని శుద్ధి లేకుండా ఇంకించి దాన్ని నీటి పొదుపు అనడం కుదరదు. వాననీటి ఇంకుడు గుంతలోకే సెప్టిక్ ట్యాంకు పైపును తిప్పడం అన్నిటికంటే ప్రమాదం. ఆ గుంత ఉద్దేశమే నీటిని వేగంగా లోతుకు పంపడం. ఇక ట్యాంకులో పోస్తే చాలు, బురదంతా కరిగిపోతుందని అమ్మే బ్యాక్టీరియా పొడుల మీద ఎక్కువ మాటలు అనవసరం. కావాల్సిన సూక్ష్మజీవులు మలంలోనే పుష్కలంగా ఉన్నాయి. పొడి పోయడం వల్ల బురద తీసే అవసరం తప్పదు.

నిర్వహణ ఎవరు చూస్తారన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. మొక్కల మడిని కత్తిరించాలి, కంకరను కొన్నేళ్లకొకసారి కడగాలి, ట్యాంకు బురదను రెండు మూడేళ్లకు తీయించాలి. మనవాళ్లు ఇవేవీ చేయరు, అందుకే కాలువే నయం అనే వాదన వినిపిస్తుంది. జపాన్ దీనికి జవాబిచ్చింది. అక్కడ డ్రైనేజీ లేని ఇళ్లకు జోకాసో అనే చిన్న శుద్ధి ట్యాంకులుంటాయి. 1983లో వాటి కోసమే చట్టం చేశారు. ఏటా తనిఖీ, ఏటా శుభ్రత, లైసెన్సున్న పనివాళ్లు తప్పనిసరి. టాయిలెట్ నీటిని మాత్రమే తీసుకుని మిగతాది కాలువలోకి వదిలే పాతరకం ట్యాంకులను కొత్త ఇళ్లకు 2001 నుంచి ఆపేశారు. అక్కడి జనం మనకంటే శ్రద్ధాపరులు కావడం వల్ల ఇది జరగలేదు. తనిఖీ అన్నది ఇంటివాడి ఇష్టానికి వదలలేదు, అంతే. మనకూ దారులు తెలుసు: 2016లో వరంగల్ నగరపాలక సంస్థ ట్యాంకుల శుభ్రతకు నిబంధనలు చేసింది, మరుసటి ఏడాది బురద శుద్ధి కేంద్రం తెచ్చుకుంది. 2017లో కేంద్ర ప్రభుత్వం మానవ వ్యర్థాల నిర్వహణకు జాతీయ విధానం ప్రకటించింది.

నిర్వహణ గురించి మాట్లాడేటప్పుడు మనుషుల్ని మరవకూడదు. ట్యాంకులోకి దిగిన మనిషిని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. అతన్ని కాపాడబోయి దిగిన రెండోవాడూ అలాగే పోతాడు. రక్షణ లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు దళిత కుటుంబంలో పుట్టి, ఈ పనిని రూపుమాపడానికే జీవితం పెట్టినందుకు 2016లో రామన్ మెగసెసె అవార్డు పొందిన బెజవాడ విల్సన్ పోరాటం 2014 తీర్పు వెనక ఉంది. డిజైను కూడా ఈ న్యాయంలో భాగమే. మూత మీద టైల్స్ పరిచేసి, ట్యాంకును పడకగది కిందికో లారీ గొట్టం అందని మూలకో నెట్టేస్తే, చివరికి ఎవరో ఒకరు దిగాల్సి వస్తుంది. ప్రతి గదికీ విడి మూత, రోడ్డు నుంచి గొట్టం అందే దూరం, ఈ రెండూ ప్లానులోనే చూపించాలి.

ఇవన్నీ అమలయ్యే చోటు ఒకటే: ఇంటి ప్లాను అనుమతి. ఇప్పుడు ప్లానులో సెప్టిక్ ట్యాంకు ఒక చిన్న దీర్ఘచతురస్రం. దాని పక్కన మూడు వివరాలు అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, 1985 నాటి ప్రమాణమే చాలు: ఆ స్థలంలో నీరు ఇంకే వేగం, భూగర్భజల మట్టం, ట్యాంకు దాటిన నీరు చేరే చోటు. ఇంకే వేగం తెలుసుకోవడానికి కావాల్సింది ఒక పార, ఒక స్కేలు, ఒక గడియారం. కందకం లోతుకు చిన్న గుంత తవ్వి, రాత్రంతా నీటితో తడిపి, మర్నాడు మట్టం 25 మిల్లీమీటర్లు దిగే సమయాన్ని రాసుకోవాలి. ఆ పరీక్ష ఎప్పుడు చేశారన్నది మాత్రం నమోదు కావాలి. మే నెలలో పగుళ్లిచ్చిన నేల ఎంత నీటినైనా తాగేస్తుంది. బాగా వానలు పడే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, నేల నాని భూగర్భజలం పైకి వచ్చి ఉన్నప్పుడు వచ్చిన అంకెనే ట్యాంకు వెనక ఏం కట్టాలో నిర్ణయించడానికి వాడాలి. వేసవిలో కట్టే ఇంటికైతే, ఆ వీధిలో కిందటి వానాకాలంలో తీసిన కొలతను నగరపాలక సంస్థ వార్డు సచివాలయంలో అందుబాటులో ఉంచాలి.